దొరసాని మందు

ఫ్రిజ్‌లో స్టీలు గ్లాసులో పోసి జాగ్రత్తగా మూతపెట్టి వెళ్ళిన దొరసాని మందు మాయమైంది.

కోడలు పై అర, కింది అర, తలుపు అర వెతికింది. సింకులో స్టీలు గ్లాసులు మూడున్నాయి. మూడూ ఒకేలాంటివి, మూడూ ఖాళీ. కళ్ళజోళ్ళ దుకాణానికి తాళం వేసి, భోజనం కూడా చేయకుండా రెండింటికల్లా పరుగున వచ్చింది ఆ మందు పట్టడానికే.

దొరసాని ఆరేళ్ళ గినీ పిగ్. ఆ జాతి లెక్కలో పండు ముసలిది. రెండు రోజులుగా గడ్డిపరక ముట్టలేదు, ఒక్క పెంటిక వేయలేదు. పేగు కదలడం మానేసిందని పశువుల డాక్టరు తేల్చాడు. ఈ సాయంత్రంలోగా పది పెంటికలైనా పడకపోతే ఆశ వదులుకోమన్నాడు.

"ఫ్రిజ్‌లో గ్లాసు ఎవరు తీశారు?"

హాల్లో పేపరు కిందికి దిగింది. దాని వెనక మామగారు. ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి.

"కంగారుపడకమ్మా, దొంగని నేను పడతాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను కాదు. ఇక మిగిలిందెవరు?" అంటూ భార్య వైపు తిరిగాడు.

"నేనా?" అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే కయ్యిమంది. "ఆరేళ్ళుగా ఆ ఎలుకల గది గడప తొక్కలేదు. వాటి మందుతో నాకేం పని? వాటిని చేత్తో ముట్టుకున్న రోజున నన్ను అడగండి."

"ఎలుకలు కావు అత్తయ్యా."

"తోక లేనంత మాత్రాన ఎలుక కాకుండా పోతుందా?"

మామగారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. "సాక్ష్యం ముఖ్యం. ఆ మందు ఏ రంగు?"

"లేత ఆకుపచ్చ."

"పలచగా ఉంటుందా?"

"అవును."

"కొంచెం... నురగ?"

కోడలు ఆయన మొహంలోకి చూసింది. ఆయన పేపరు మళ్ళీ పైకెత్తాడు.

"మామయ్యా!"

"నా కోసం పెట్టావనుకున్నానమ్మా! నిన్న పొట్ట బరువుగా ఉందన్నానా, లేదా? పదకొండింటికి తాగేశాను. చల్లగా, బ్రహ్మాండంగా ఉంది. దోసకాయ వాసన కూడా వేసింది."

"వేస్తుంది. బుజ్జిది రోజూ తినేది దోసకాయేగా" అంది కోడలు నీరసంగా కూలబడుతూ.

బుజ్జిది ఆ గదిలోనే పక్క పెట్టెలో ఉండే రెండో గినీ పిగ్. అదీ ముసలిదే కానీ గట్టి పిండం.

"అది దోసకాయ తింటే నా గ్లాసుకెందుకు వాసన?"

"దాని పొట్టలో ఉండే మంచి క్రిములు దొరసానికి అందాలి మామయ్యా. అందుకని డాక్టరు చెప్పినట్టు, దాని తాజా పెంటికలు ఏరి, గోరువెచ్చటి నీళ్ళలో నలిపి, వడగట్టి..."

మామగారు బాత్రూములోకి పరిగెత్తాడు. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ జేబులు తడిమారే, గ్లాసులో ఏముందో చూసుకోవద్దూ! ఇంకేం, సాయంత్రానికి పది మీకే పడతాయి!"

కోడలు డాక్టరుకి ఫోను చేసి స్పీకరులో పెట్టింది.

"తాగినాయనకి ఏం కాదు, పుక్కిలించి ఊరుకోమనండి" అన్నాడు డాక్టరు, నవ్వు ఆపుకోవడం తెలిసిపోతూ. "మళ్ళీ చేసి పట్టండి."

"ఆలస్యమైపోయింది కదా, రెట్టింపు పట్టనా?"

డాక్టరు గొంతు మారింది. "ఆ పని మాత్రం చేయకండి. ఈ పూటకి ఒక్క డోసే. రెండోది పడిందంటే ముసలి పొట్ట తట్టుకోలేదు. ఉబ్బిపోయి చేతుల్లోనే పోతుంది."

అత్తగారు ఏదో అనబోయింది. అంతలో మామగారు తువ్వాలుతో నాలుక తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆయన్ని చూడగానే ఆమెకి నవ్వు ముంచుకొచ్చి మాట మింగేసింది.

కోడలు ఆ గదిలోకి వెళ్ళింది. బుజ్జిదాని పెట్టెలోంచి తాజావి ఏరి, నలిపి, గుడ్డలో వడగట్టింది. దొరసాని పెట్టెలో కాగితం మడత నలగకుండా తెల్లగా ఉంది. ఒక్కటి లేదు. చివరి ఆశతో గడ్డి ఎత్తి చూసింది. దాని కిందా లేదు.

"నన్ను క్షమించవే దొరసానీ. నేను దుకాణం మానేసి ఇంట్లో ఉండాల్సింది" అంటూ దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, సూది లేని సిరంజి నింపింది.

"నావల్లే వచ్చింది ఇదంతా" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మామగారు. ఈసారి గొంతులో హాస్యం లేదు. "దానికేమన్నా అయితే నీకు మొహం ఎలా చూపించనమ్మా?"

కోడలు దొరసాని పెదవి పక్కగా సిరంజి మొన ఆనించింది. బొటనవేలు బిగించింది.

వెనక గబగబా అడుగులు. అత్తగారు గడప దాటి వచ్చి కోడలి మణికట్టు గట్టిగా పట్టేసుకుంది.

"ఏమిటే, నువ్వు ఈ గదిలోకి..." మామగారు నోరు తెరిచాడు.

అత్తగారు ఆయన వైపు చూడలేదు. మొహం ఎర్రబడింది.

"ఆగవే తల్లీ, ఫ్రిజ్‌లో గ్లాసు లేకపోతే పన్నెండింటికే నువ్వు చేసినట్టే నేనూ కలిపి పట్టేశాను, పదమూడు వేస్తే ఎత్తిపోశాను కూడా!"