అవతలి వైపు చేతులు

"ఆ పెద్దది ఇచ్చెయ్యండి మేస్త్రిగారూ. ఏనుగులా ఉంది."

"ఏనుగుని రోజూ మూడో అంతస్తుకి మోస్తారా?"

వచ్చినతను నవ్వేశాడు. ఇళ్ళకు వెళ్ళి అలమరలు బిగించే పని అతనిది. ముప్పై దాటి ఉండవు. ఈమధ్యే సొంతంగా మొదలుపెట్టాడు. చేత్తో మోసుకెళ్ళగలిగే టేబుల్ రంపం కోసం ఈ పాత పనిముట్ల కొట్టుకి వచ్చాడు.

కొట్టు యజమాని స్టూలు మీంచి కదల్లేదు. ఉలి పట్టడం ఎప్పుడో మానేసినా బజారంతా ఆయన్ని ఇంకా మేస్త్రి అనే పిలుస్తుంది. అమ్ముడుపోయినా, పోకపోయినా ఆయనకి ఒకటే అన్నట్టుంటాడు.

"గోడ పక్కన మూడున్నాయి. మీకేది నచ్చితే అది తీసుకోండి."

"మూల టార్పాలిన్ పట్టా కింద ఉన్నదో?"

"అది అమ్మేది కాదు."

అతను అప్పటికే పట్టా అంచు ఎత్తి చూశాడు. "దీని బ్లేడు మీద గార్డు లేదేంటి?"

"తీసేసి ఉంది. పని త్వరగా తెమలాలని."

పట్టా మళ్ళీ కిందికి జారింది.

వచ్చినతను జేబులోంచి జానెడు చెక్కపుల్ల తీశాడు. "ఈ వెడల్పులు కొయ్యగలిగితే చాలండీ నాకు."

పుల్ల మీద వరసగా పెన్సిలు గుర్తులున్నాయి. ఒక్కొక్కటీ కాకి అడుగులా ఉంది. ప్రతి అడుగు పక్కనా ఒక చుక్క.

మేస్త్రి పుల్లని గుమ్మం వెలుతురులోకి పట్టుకున్నాడు. ఇటు తిప్పాడు. అటు తిప్పాడు.

"ఈ చుక్కలేంటి?"

"చుక్క ఉన్నవైపు పారేసే ముక్క అని. మా ఆవిడ పెట్టింది. చిన్నప్పట్నించీ అలవాటట. కొలతలన్నీ తనే చూస్తుంది. నా లెక్కల మీద నమ్మకం లేదు లెండి."

మేస్త్రి స్టూలు మీంచి లేచాడు.

"ఆ పెద్దది ముట్టుకోకు," అన్నాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడైందో ఇద్దరూ గమనించలేదు. "ఇలా రా. ఇది చూడు. కాళ్ళు మడుచుకుంటాయి, చక్రాలున్నాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కదలదు. స్విచ్చు మోకాలికి అందుతుంది. చేతులు రెండూ చెక్క మీద ఉన్నప్పుడు మోకాలితో కొట్టి ఆపెయ్యొచ్చు. బ్లేడు వెనక ఈ రేకు ఉందే, ఇది కోసిన చీలిక మూసుకోకుండా ఆపుతుంది. మూసుకుందా, చెక్క గాడిదలా వెనక్కి తంతుంది. ఈ రేకూ, పైన గార్డూ ఎప్పుడూ విప్పకు."

"అడ్డొస్తాయి కదండీ?"

"అడ్డు రావడానికే పెట్టారు!"

గొంతు అంత పైకి లేస్తుందని ఆయనా అనుకున్నట్టు లేదు. గొంతు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాడు.

"గ్లౌజులు వద్దు. బ్లేడు వాటి కొస అందుకుంటే చేతిని కూడా లోపలికి లాక్కుంటుంది. బ్లేడుకి ఎదురుగా నిలబడకు, పక్కకి జరుగు. చెక్క చివరికి వచ్చాక చేత్తో తొయ్యకు." బల్ల కింద నుంచి తోసే కర్ర ఒకటి తీసిచ్చాడు. పట్టుకునే చోట అరిగి నున్నబడి ఉంది. "దీంతో తొయ్యి."

"మా ఆవిడని చేసుకునేటప్పుడు కూడా నన్నెవరూ ఇంతలా కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పలేదండీ. చెప్పడానికి ఆవిడకి ఎవరున్నారు? మామగారు ఎప్పుడో పోయారట."

మేస్త్రి కర్ర అతని చేతిలో సరిగా అమిరిందో లేదో చూస్తున్నాడు.

"పొడుగు చెక్కలు కోసేటప్పుడు అవతలి వైపు ఎవరు పట్టుకుంటారు?"

"తనే. ఇప్పటికైతే ససేమిరా అంటోంది. రంపం చప్పుడు వింటే చాలు, గదిలోంచి వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి రెండు వేళ్ళు పోయాయి. అప్పట్నించీ అన్నిటికీ భయమే. నాలుగు రోజులు నిలబెడితే అదే అలవాటవుతుంది."

"తలుపు సందులోనా."

"అలాగే చెప్పింది."

మేస్త్రి గుడ్డ తీసుకుని బ్లేడు తుడిచాడు. దానిమీద దుమ్మేమీ లేదు. అయినా చాలాసేపు తుడిచాడు.

"అలవాటు చెయ్యకు," అన్నాడు చివరికి. "ముక్క ఇరుక్కుంటే అవతలున్న మనిషి తీద్దామని చెయ్యి పెడుతుంది. మనకి సాయం చేద్దామనే పెడుతుంది." గోడకి ఆనించిన రోలరు స్టాండు ఈడ్చుకొచ్చి రంపం పక్కన పెట్టాడు. "చెక్క దీనిమీద వాలుతుంది. అవతల మనిషి అక్కర్లేదు. దీనికి డబ్బులొద్దు. ఆ వైపు తనని నిలబెట్టనని మాటివ్వు."

అతను నవ్వబోయి, ఆ మొహం చూసి ఆగిపోయాడు. "సరేనండీ."

"సరే కాదు. మాట."

"మాట."

ఇద్దరూ కలిసి రంపాన్నీ స్టాండునీ బయటున్న బండిలోకి ఎక్కించారు. మేస్త్రి తాడుముడి రెండుసార్లు లాగి చూశాడు.

"దారిలో ఇన్ని కొట్లుండగా ఇంత దూరం వచ్చావేం?"

"ఆవిడే పంపిందండీ. కొంటే అక్కడే కొను, ఆ ముసలాయన ఇంక చెడ్డ రంపం ఎవరికీ అమ్మడు అంది."

"తను రాలేదేం?"

"రమ్మన్నాను. రానంది."

మేస్త్రి తలూపాడు.

"అన్నట్టు, ఆ పుల్ల?"

"కొలతలు రంపం బల్ల మీద సుద్దతో రాశాను. పుల్ల ఉండనీ."

పుల్లతో ఈయనకేం పనో అతనికి అర్థం కాలేదు. బండెక్కి, తల బయటికి పెట్టాడు.

"మా మామగారు బతికుంటే అచ్చం మీలాగే సణిగేవారేమోనండీ!"

బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, అల్లుడి లెక్కలో ఎప్పుడో పోయిన ఆ మామగారు లోపలికొచ్చి, మూలనున్న రంపం మీది పట్టా తీసి, కూతురి పుల్లని దానికి అవతలి వైపు పెట్టాడు.