మంత్రిగారికి చూపిన కొళాయి

"ఫోటోకి ఒక్క బిందె చాలవ్వా" అన్నాడు విక్రమ్.

రుద్రమ్మ రెండో బిందె పెట్టింది. ఆమె వెనకాల వీధిలోని ఆడవాళ్ళంతా ఉన్నారు. తెల్లారినప్పట్నుంచీ నీళ్ళు పడుతూనే ఉన్నారు. కొళాయి దగ్గర జనం ఉంటే చూడ్డానికి బాగుంటుందని విక్రమే ఊరుకున్నాడు. అతను గనుల కంపెనీ మనిషి.

తారానగర్ దగ్గరి ఆ పల్లెలో గనులొచ్చాక బోర్లు ఎండిపోయాయి. నీళ్ళకి గుట్ట దిగాలి. నిన్న కంపెనీవాళ్ళు రుద్రమ్మ గోడకి కొళాయి బిగించారు. సముద్రం అవతలి చిన్న దేశం నుంచి మంత్రి వస్తున్నాడు. వాళ్ళ కొండలు తవ్వుకునే హక్కు కంపెనీకి కావాలంటే ఇక్కడి పల్లెల సుఖం ఆయనకి చూపించాలి.

"వాళ్ళ పల్లెల్లో కొళాయిలకి మన దేశమే సాయం చేసిందవ్వా."

"మనకి లేంది వాళ్ళకిచ్చినారా అప్పా?"

మంత్రి పోగానే కొళాయి పీకేస్తారని రుద్రమ్మకి తెలుసు. గోడ వెనక టార్పాలిన్ కింద ట్యాంకర్ ఉందనీ తెలుసు. పీకకుండా ఉండాలంటే ఒకటే దారి. అది మంత్రి ముందే ఎండిపోవాలి, అప్పుడు పరువు కోసమైనా కంపెనీ నిజంగా నీళ్ళిస్తుంది.

మంత్రి వచ్చాడు. గడప దగ్గర అతిథి కాళ్ళు కడగాలంది రుద్రమ్మ. ఆయనవి కడిగింది. వెంట వచ్చినవాళ్ళవీ మొదలుపెట్టింది. మూడో మనిషి దగ్గర కొళాయి దగ్గి ఆగిపోయింది.

కరెంటు పోయిందన్నాడు విక్రమ్. పక్కింట్లో ఫ్యాను తిరుగుతోంది.

రుద్రమ్మ మంత్రి చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి లాక్కెళ్ళి టార్పాలిన్ లాగేసింది. ట్యాంకర్‌లో డ్రైవర్ యల్లేష్ నిద్రపోతున్నాడు.

"చెప్పప్పా ఈయనకి. గనులొస్తే రేపు వాళ్ళ ఆడోళ్ళూ మా మాదిరే బిందెలు మోస్తారని చెప్పు."

దాచడానికింకేమీ మిగల్లేదు. విక్రమ్ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు.

మంత్రి ఉలకలేదు. వంగి పైపు చూశాడు. మోటారు తట్టాడు. టార్పాలిన్ తనే మళ్ళీ కప్పి, రెండడుగులు వెనక్కేసి చూశాడు. తర్వాత రుద్రమ్మ రెండు చేతులూ పట్టుకుని తల వంచాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఇంత దూరం మనిషికి అర్థమైంది, మనోళ్ళకే కాలేదు అనుకుంది.

కారెక్కేముందు మంత్రి విక్రమ్ చెవిలో ఏదో అన్నాడు. విక్రమ్ మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది.

"ఏమన్నాడప్పా? గనులు వద్దన్నాడా?"

"మనం సాయం చేసిన కొళాయిలు చూసేకి వచ్చే నెల మన సర్కారోళ్ళు ఆడికి పోతాండారవ్వా" అన్నాడు విక్రమ్. "యల్లేష్‌ని పంపమన్నాడు."