బుచ్చమ్మ సంచి

ఆ రోజు ఇంట్లో అయిదుగురున్నారు. కాసేపట్లో దుబాయ్ పనికి బయలుదేరబోతున్న సత్యదుర్గ, ఆమె తల్లి వీరాయమ్మ, దుబాయ్‌లో ఆరేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చిన తమ్ముడు ప్రకాశరావు, పక్కింటి బుచ్చమ్మ, పెట్టెకి తాడు కడుతున్న తులసి.

తులసి సత్యదుర్గ కూతురు. నోట్లోంచి మాట ఓ పట్టాన రాదు. చెప్పాల్సిందంతా రూళ్ళ డైరీలో రాసుకుంటుంది.

“నా పదో తరగతి అయ్యేదాకా కదలనన్నావు కదమ్మా,” అంది మెల్లగా.

“వీసా నీ పరీక్షలు చూసుకుని వస్తుందేంటే?” అంది సత్యదుర్గ. “నేను లేకపోతే పక్కింటి పెద్దమ్మ లేదూ?”

“పగలు నా తలుపు ఎప్పుడైనా వేశానా? బడి నించి తిన్నగా నా దగ్గరికొచ్చి అన్నం తింటుంది,” అంది బుచ్చమ్మ. “దుర్గా, రాత్రి ఇచ్చిన సంచి సర్దేవా? సున్నుండలూ మాగాయా అక్కడ మా అబ్బాయి రాజేంద్ర చేతికే ఇవ్వాలి.”

“పెట్టె అడుగునే పెట్టేనక్కా.”

“విప్పి చూసేవా?” అన్నాడు ప్రకాశరావు.

“బుచ్చమ్మక్క ఇచ్చింది విప్పి చూడ్డమేంట్రా?”

“ఎవరిచ్చినా చూసుకోవాలి. గసగసాలు తీసుకెళ్ళకూడదని నిన్ననే చెప్పేను.”

“కోడికూరలో వేసే గసగసాలకి చట్టమా?” అంది వీరాయమ్మ. “మలికిపురంలో ఏ కొట్లో అడిగినా పొట్లం కట్టి ఇస్తాడు.”

“అక్కడ మత్తుమందు కింద లెక్కమ్మా.”

“దేశానికో చోద్యం!”

“ఇక్కడ మొహం చూస్తే ఎవరి పిల్లో చెప్పేస్తాం. అక్కడ పక్క మంచం వాడిది ఏ దేశమో తెలీదు. తెలియనివాణ్ణి ఎలా నమ్ముతారు? నమ్మకం లేని చోట ప్రతిదానికీ ఓ రూలు పెట్టుకుంటారు.”

“అయితే మన వీధికి రూల్సే అక్కర్లేదయ్యా,” అని నవ్వింది బుచ్చమ్మ.

“ఆయ్, అంతేనండి,” అన్నాడు ప్రకాశరావు.

తులసి తాడు ముడి వేస్తూ అడిగింది. “దొరికితే వెనక్కి పంపించేస్తారు కదా మావయ్యా?”

“వెనక్కా? తిన్నగా జైలుకే. మళ్ళీ ఎప్పుడొస్తారో ఆ దేవుడికే తెలియాలి.”

తులసి చేయి ఆగింది.

“అమ్మా, పెట్టె ఒక్కసారి విప్పుదాం!”

ఆ పిల్ల గొంతు అంత పెద్దదని ఇంట్లో ఎవరికీ తెలీదు.

“కారొచ్చే వేళకా?” అని వీరాయమ్మ విసుక్కుంది. అప్పటికే తులసి ముడి విప్పేసి, బట్టలు పక్కకి తోసి, బుచ్చమ్మ సంచి పైకి లాగింది. సున్నుండల డబ్బా కింద రూళ్ళ కాగితంలో కట్టిన చిన్న పొట్లం. ప్రకాశరావు విప్పాడు.

గసగసాలు.

“ఏంటక్కా ఇది?” అంది సత్యదుర్గ.

“నాకు తెలీదే దుర్గా. మా రాజేంద్ర మీద ఒట్టు.”

“నేను విప్పి చూడనని తెలిసే పెట్టేవు కదూ? నీ కొడుకు కూర రుచి కోసం నన్ను జైల్లో వేయిస్తావా?”

“ఇరవై ఏళ్ళు పక్కనే ఉన్నాక నన్ననే మాట ఇదా?” బుచ్చమ్మ అందరి మొహాలూ చూసింది. చివరికి తులసి వైపు తిరిగింది. “నువ్వైనా చెప్పవే. నీ పెద్దమ్మ ఇలాంటి పని చేస్తుందా?”

తులసి తల దించుకుంది.

బుచ్చమ్మ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ప్రకాశరావు గసగసాలు కాలవలో పారబోసి వచ్చాడు.

“ఇకనించి ఎవరి పొట్లమూ మన గడప దాటకూడదు,” అంది సత్యదుర్గ.

“మనింట్లోకీ రూలొచ్చేసింది,” అన్నాడు ప్రకాశరావు. ఎవరూ నవ్వలేదు.

కారు వచ్చింది. ఎక్కేముందు సత్యదుర్గ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. “నువ్వు చూడబట్టి బతికేనే. ఇంక నిన్నొక్కదాన్నే నమ్ముతాను.”

కారు రావులపాలెం వైపు వెళ్ళిపోయింది. తులసి చాలాసేపు రోడ్డు మీదే నిలబడింది. తరవాత డైరీ తీసుకుని పక్కింటికి వెళ్ళింది. బుచ్చమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. సంచి ఇంకా ఒళ్ళోనే ఉంది.

“పెద్దమ్మా...”

“మీ అమ్మ పంపిందా?”

“కాదు. నేనే...”

“వద్దే. మీ ఇంట్లోవాళ్ళ మాట ఇంక నాకు వద్దు.”

బుచ్చమ్మ లేచి లోపలికి వెళ్ళి, పట్టపగలు తలుపు వేసేసుకుంది.

“గసగసాలు పెట్టింది నేనే పెద్దమ్మా,” అంది తులసి, ఆ తలుపుతో.