నరసరావుపేటలో ఒక్క ఖాళీ

"ఫోర్జరీ! నా పెళ్లాం సంతకం ఫోర్జరీ చేశారు! చేసినోళ్లని జైల్లో కూర్చోబెట్టందే నేనీ గడప దాటను!"

ఉపేంద్ర బల్ల మీద గుద్దిన గుద్దుకు సూపరింటెండెంట్ గోపాలరావు గారి కళ్లజోడు ఎగిరి ఫైళ్ల మధ్య పడింది.

విజయపురి సౌత్‌లోని ఆ ఆఫీసులో పదకొండు గంటలకే పని ఆగిపోయింది. అయితే అందరూ చూస్తున్నది ఉపేంద్రను కాదు. మూల సీట్లో కూర్చున్న వాసంతిని.



నరసరావుపేట ఆఫీసులో ఒక్క గుమాస్తా పోస్టు ఖాళీ వచ్చింది. భార్యాభర్తల కోటాలో దానికి ఈ ఆఫీసు నుంచి ఇద్దరు దరఖాస్తు పెట్టారు. సీనియారిటీలో ముందు శ్రీలేఖ. ఆమె భర్త ఉపేంద్ర అక్కడ ఒక ఎయిడెడ్ కాలేజీలో క్లర్కు. ఆమె తర్వాత వాసంతి. ఆమె భర్త కోటిబాబు అక్కడి బస్ డిపోలో కండక్టర్.

ఇద్దరికీ మధ్యలో ఉంటుందని శ్రీలేఖ వాళ్లు గురజాలలో ఇల్లు తీసుకున్నారు. తెల్లారితే ఆమె మాచర్ల బస్సెక్కాలి, ఆయన నరసరావుపేట బస్సెక్కాలి. వాసంతికి ఆ భాగ్యమూ లేదు. ఇక్కడే అద్దె గది. మొగుడికి వీక్లీ ఆఫ్ దొరికిన రోజే కాపురం. ఐదేళ్లుగా ఇదే వరస.

నిన్న సాయంత్రం బదిలీల లిస్టు వచ్చింది. నరసరావుపేట సీటు వాసంతికి!

కారణం వారం క్రితం శ్రీలేఖ సంతకంతో వచ్చిన రెండు లైన్ల కాగితం. 'నాకు బదిలీ వద్దు. నా దరఖాస్తును వెనక్కి తీసుకుంటున్నాను.' దాన్ని టపాలోంచి తీసి, ముద్ర కొట్టి, పైకి పంపింది వాసంతే. శ్రీలేఖ అక్కను ఒక్క మాట అడుగుదామనుకుంది. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని ఊరుకుంది.

ఆ ఊరుకోవడమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

గోపాలరావు గారు కళ్లజోడు వెతికి పెట్టుకుని కాగితం చూశారు. "అమ్మా శ్రీలేఖా, ఈ సంతకం నీదేనా?"

శ్రీలేఖ నోరు తెరిచేలోపే ఉపేంద్ర అందుకున్నాడు.

"ఆమెది ఎట్టా అయిద్ది సార్? దరఖాస్తు నింపింది నేను. అక్కడ పనిచేస్తున్నట్టు మా కాలేజీ సర్టిఫికెట్ తెచ్చి పెట్టింది నేను. నరసరావుపేటలో ఇల్లు కూడా చూసిపెట్టా. రోజూ బస్సుల్లో పడి నడుములు ఇరిగిపోతున్నయ్. ఇయ్యాల లీవు పెట్టి పరిగెత్తుకొచ్చా. మొగుడు పనిచేసే ఊరికి పోనని ఏ ఆడది రాసిద్ది?"

తర్వాత వాసంతి వైపు తిరిగాడు.

"ఏమ్మా! అక్కా అక్కా అంటా క్యారియర్లో కూర తిన్నావు. ఇప్పుడు అక్క సీటు కూడా తిన్నావే!"

"నేను రాయలేదన్నయ్యా. మా ఆయన మీద ఒట్టు."

"ఒట్లు స్టేషన్లో వెయ్యి. అక్కడ చానా ఇష్టంగా వింటారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. వాసంతి ఆశగా శ్రీలేఖ వైపు చూసింది. శ్రీలేఖ తలెత్తలేదు.

కొత్త ఇల్లు చూసొస్తానని రెండు వారాల క్రితం నరసరావుపేట వెళ్లింది శ్రీలేఖ. తిరిగొచ్చిన రోజు నుంచి వాసంతి పక్కన కూర్చుని అన్నం తినలేదు. సీటు దగ్గర పోటీ వచ్చి మనసు విరిగిందనుకుంది వాసంతి.

"బాబూ, కేసుల దాకా ఎందుకు? లిస్టు ఆపించి మీ ఆవిడ పేరు మళ్లీ పంపిస్తా" అన్నారు గోపాలరావు గారు.

"పంపండి. కేసూ పెట్టండి. ఇయ్యాల సంతకం, రేపు పొలం కాగితాలు! దొంగ సంతకాలు పెట్టేవోళ్లని వదిలేస్తే దేశం ఏమైపోద్ది సార్?"

గోపాలరావు గారు నిట్టూర్చి తెల్లకాగితం తీశారు. ఫిర్యాదు రాయడం మొదలుపెట్టారు.

కేసు పడితే సస్పెన్షన్. నరసరావుపేట మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఉండదు. తట్టుకోలేక లేచి నిలబడింది.

"సార్, ఆ సీటు అక్కకే ఇచ్చెయ్యండి. నాకొద్దు. ఇక్కడే పడుంటా. కేసు మాత్రం వద్దు సార్!"

"చూశారా! ఒప్పుకుంది!" ఉపేంద్ర చప్పట్లు కొట్టాడు. "అందరూ సాక్ష్యం!"

అప్పుడు లేచింది శ్రీలేఖ. నెమ్మదిగా వచ్చి, వాసంతి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

గోపాలరావు గారు పెన్ను ఆపారు. "ముద్దాయి పేరు దగ్గర ఖాళీ వదిలానమ్మా. ఫిర్యాదు నీది. పేరు కూడా నువ్వే చెప్పాలి."

"చెప్పవే! భయమేంది, నేనున్నాగా!" అన్నాడు ఉపేంద్ర.

శ్రీలేఖ భర్త ముఖంలోకి చూసింది.

"ఉపేంద్ర అని రాయండి సార్... బదిలీ వద్దని పెట్టిన సంతకం నాదే, ఈయన తెచ్చి పెట్టిన సర్టిఫికెట్ మీద ప్రిన్సిపాల్ సంతకమే దొంగది, ఆ కాలేజీ వాళ్లు ఈయన్ని ఉద్యోగంలోంచి తీసేసి ఎనిమిది నెలలైంది."