తలుపు బయట ఇల్లాలు

"ఆ సినిమాలో ఇల్లాలు ఏ తప్పూ చేయలేదు బాబూ!" అన్నాడు సినిమా హాలు పాత ఆపరేటర్.

టైలర్ కుట్టు మిషన్ ఆపలేదు. ప్యాంటు కాలుని సూది కిందికి తోస్తూనే, "మళ్లీ మొదలెట్టారా మామయ్యా?" అన్నాడు.

మిషన్ బల్ల మీద, కత్తెర కింద, ఒక కాగితం ఫ్యాను గాలికి కొట్టుకుంటోంది. విడాకుల కాగితం. నాలుగింటికి లాయరు ఆఫీసు తెరుస్తాడు. అక్కడికెళ్లి అల్లుడు సంతకం గిలికాడంటే ఆపరేటర్ కూతురి కాపురం అంతటితో సరి. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

జరిగింది ఇంతే. నెల కిందట రెండు మధ్యాహ్నాలు ఆ పిల్ల ఇంట్లో లేదు. ముక్కూమొహం తెలియనివాడి స్కూటర్ వెనక కూర్చుని వెళ్లడం నలుగురూ చూశారు. ఎక్కడికెళ్లావంటే చెప్పలేదు. వాడెవడంటే చెప్పలేదు. టైలర్ ఆమెను గుమ్మం బయట నిలబెట్టి తలుపేశాడు.

ఆ తలుపు వేయడం అతని సొంత ఆలోచన కాదు. పాతికేళ్ల కిందట ఊళ్లో నూరు రోజులు ఆడిన సినిమాలో భర్త చేసిందీ అదే. అందులో ఇల్లాలు ఎవరితోనో వెళ్లి మూడు రోజులకి తిరిగొస్తుంది. నోరు విప్పదు. భర్త ఆమె మొహం మీదే తలుపేస్తాడు. తెర మీద 'శుభం' పడుతుంది. హాలంతా ఈలలే ఈలలు. అప్పటికి ఎనిమిదేళ్ల టైలర్, తల్లి కొంగు పట్టుకుని ఆరుసార్లు చూశాడు. ఊళ్లో ఈనాటికీ గడప దాటిన ఆడమనిషిని ఆ ఇల్లాలితో పోల్చే తిడతారు.

ఆమె తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు ఊరు మొత్తానికీ ఒక్కడే. హాలు మూతపడేదాకా ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్. టీ కొట్టు దగ్గరైనా, క్షవరం కుర్చీలోనైనా, ఆ సినిమా మాటొస్తే చాలు, కయ్యానికి దిగుతాడు. సినిమాలు చూసి చూసి బుర్ర చెడిందని జనం నవ్వుకుంటారు. అయినా ఆయన పనికి మాత్రం ఎవరూ వంక పెట్టలేదు. నూరో రోజు పండగలో హాలు యజమాని ఆయన చేతికి షీల్డు ఇచ్చి, "మా ఆపరేటర్ రీల్లో ఒక్క ముక్క కూడా కోయడు" అని మైకులో చెప్పాడు. ఆ షీల్డు తప్ప ఆయన ఇంట్లో గోడకి చెప్పుకోదగ్గది ఏదీ లేదు.

"ఆ వచ్చినవాడు భర్త తమ్ముడే బాబూ! జైలు నుంచి తప్పించుకొచ్చాడు. తన బిడ్డ ఆసుపత్రిలో ఉంది, సాయం రమ్మని వదిన కాళ్లు పట్టుకున్నాడు. అన్నయ్యకి చెప్పొద్దని మాట తీసుకున్నాడు. అందుకే ఆవిడ నోరు విప్పలేదు. మర్నాడు వాడే వచ్చి నిజం చెప్తే, భర్త తలుపు తీసి..."

మిషన్ ఆగింది.

"ఇదంతా సినిమాలో ఎక్కడుంది మామయ్యా?"

పక్క కొట్టు వాచీల మెకానిక్, కంటికి భూతద్దం అలాగే ఉంచుకుని తొంగిచూశాడు. "బాబాయ్, నువ్వు ఆపరేటర్‌వి కావలసినవాడివి కాదు, డైరెక్టర్‌వి కావలసినవాడివి. నాలుగుసార్లు చూశాను నేను. తలుపేశాడు, శుభం. ఇంటికి పోయి పడుకున్నాం."

"ఎక్కడైనా వెతికి చూడు బాబూ, ఒక్కసారి..."

"వెతికాను," అన్నాడు టైలర్. "మీ పోరు పడలేకే వెతికాను. ఫోన్లో లేదు, క్యాసెట్టూ రాలేదు. ప్రింటే మిగల్లేదట. తప్పు చేయనివాళ్లు నోరెందుకు మూసుకుంటారు మామయ్యా? సినిమాలో ఆవిడైనా అంతే, మీ అమ్మాయైనా అంతే."

ఆపరేటర్‌కి తన ఇంట్లో ఉన్న కూతురు గుర్తొచ్చింది.

పొద్దున కూతురు మడతమంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మొహంలో దిగులన్నదే లేదు. అదే ఆయన్ని చంపేస్తోంది. ఆ పిల్ల ఆ సినిమా ఎప్పుడూ చూడలేదు. అది ఆడిన ఏడే పుట్టింది. చిన్నప్పుడు ముద్దలు పెడుతూ ఆయన చెప్పిన కథే దానికి తెలిసిన సినిమా.

"మాటిచ్చాను నాన్నా. నువ్వు అడక్కు, నేను చెప్పను," అంది. "ఇంకొన్నాళ్లు ఓపిక పడితే ఆయనే తలుపు తీస్తారు. నువ్వు చెప్పిన కథలో లాగే."

మూడున్నరయింది. టైలర్ లేచాడు. మెడలోంచి టేపు తీసి మేకుకి తగిలించాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేటర్ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నీ కాళ్లు పట్టుకుంటాను బాబూ. ఒక్క నెల ఆగు. ఆ సినిమా చూసి నా కూతురికి శిక్ష వేయకు."

"తప్పుకోండి మామయ్యా. పెద్దవారు, బాగుండదు."

"ఆవిడ నిర్దోషి. నా మాట నమ్ము."

"ఎలా నమ్మను?" టైలర్ గొంతు మొదటిసారి లేచింది. "మా అమ్మ చూసింది. నేను చూశాను. ఊరు ఊరంతా చూసింది. ఇన్ని వేలమందికి కనపడనిది మీ ఒక్కరికే కనపడిందా?"

వాచీల మెకానిక్ కంటి మీది భూతద్దం తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆపరేటర్ తన కుడిచేతి వేళ్ల మీది పాత మచ్చను ఎడమచేత్తో మూసుకున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఎడమచెయ్యి తీసేసి, ఆ మచ్చ అల్లుడికి కనపడేలా పట్టుకున్నాడు.

"నా ఒక్కడికే కనపడింది బాబూ, ఎందుకంటే మొదటి ఆటకి ముందు ప్రింటు ఒక్కణ్నే వేసి చూసుకున్నాక నా బీడీ నిప్పుకి ఆఖరి రీలు కాలిపోతే, మిగిలిన 'శుభం' ముక్కని తలుపు వేసే సీనుకి అతికించి నూరు రోజులూ ఆడించింది నేనే."