కుప్పమ్మ బొట్టు

తిరువళ్ళూరు తాలూకాఫీసు గోడ పక్కన ఆయన్ను అందరూ రైటర్ అనే పిలుస్తారు. కన్నతల్లి పెట్టిన పేరు అక్కడ ఎవరికీ తెలియదు, అడిగినవాళ్ళూ లేరు. ఒక నల్ల గొడుగు, దాని కింద చిన్న బల్ల, ఇంకు పెన్ను, కార్బన్ కాగితాలు. పట్టా కావాలన్నా పింఛను కావాలన్నా జనం ముందు ఆయన దగ్గరికే వస్తారు. ఫీజు బల్ల మీద పడందే పెన్ను మూత తీయడని పేరు.

అలాంటి రైటర్ ఆట కుప్పమ్మ ముందు సాగలేదు.

ఆమె తిరుత్తణి నుంచి పొద్దుటి రైల్లో వచ్చింది. వరసలో నిలబడ్డవాళ్ళను "జరుగన్నా, జరుగు మామా" అంటూ తోసుకుని ముందుకొచ్చి, కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. బెల్లం గానుగలో పడి నలిగిన చెయ్యి. బొటనవేలూ చూపుడువేలూ తప్ప ఏమీ మిగల్లేదు.

"చెయ్యి పోయిందని పింఛను అడిగితే, రెండు వేళ్ళుండాయి గదా అన్నాడు డాక్టరు. ఇంక మొగుడు పోయినోళ్ళకిచ్చే పింఛనే నాకు దిక్కు. రాయి."

అన్నా లేదు, మామా లేదు. ఉత్త "రాయి".

రైటర్ తలెత్తి ఒకసారి చూశాడు. వెంటనే దించుకున్నాడు. ఫీజు మాట ఎత్తకుండానే పెన్ను మూత తీశాడు. వెనక ఉన్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

అంతా రాసి, వేలిముద్ర వేయించుకుని, మెల్లగా అన్నాడు. "విచారణకు రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఇంటికొస్తాడు. పోయినాయన్ని ఎరిగిన సాక్షి ఒకరు కావల్ల."

"నువ్వు రా."

"నేనా?"

"ఇంకెవురు?"

రైటర్ పెన్ను మూత పెట్టేశాడు. ఎందరి చేతనో తప్పుడు సాక్ష్యాలు చెప్పించినవాడే గానీ, తాను మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు నటరాజన్ కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. రూలంటే భక్తి. తిరుత్తణి చివర కుప్పమ్మ ఉండే వీధిలోకి రాగానే ముందు పక్కింటి పొన్నమ్మను పిలిచాడు.

"ఈమె మా వీధికొచ్చి శానా యేండ్లయింది సామీ. వచ్చినప్పటి నుంచీ ఒంటిగానే ఉండాది. మొగుణ్ణి మేము కండ్లతో చూడలేదు," అంది పొన్నమ్మ.

అంతలో గుడిసెలోంచి కుప్పమ్మ బయటికొచ్చింది. నటరాజన్ కాగితాల మీంచి కళ్ళెత్తి అలాగే ఉండిపోయాడు. ఆమె నుదుట రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టు. కొప్పులో కనకాంబరాలు.

"ఏమమ్మా, భర్త పోయాడని దరఖాస్తు పెట్టి ఈ వేషమేంది? పై ఆఫీసరు చూస్తే నన్ను ఇంటికి పంపిస్తాడు. ముందు అది చెరుపుకో. తర్వాతే విచారణ."

"చెరపను."

సాక్షిగా వచ్చిన రైటర్ వీధి అవతల నిలబడి ఇదంతా వింటున్నాడు. ఈ పింఛను రాకపోతే ఆమెకు వీధిలో చెయ్యి చాచడం తప్ప గతి లేదు. ఆమె చెయ్యి చాచదనీ, పస్తులుండి చస్తుందనీ ఆయనకు తెలుసు. దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"ఈ ఒక్క పూటకు తుడిచెయ్యి. నీకు దండం పెడతా. సార్ పోయినాక మళ్ళీ పెట్టుకుందువు."

కుప్పమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి నిలబడింది.

"సామీ, ఈ బొట్టు మా యమ్మ నాకు ఉయ్యాల్లో పెట్టింది. పూలు మా అక్క పెట్టింది. మొగుడు తెచ్చింది తాళి ఒకటే. చెయ్యి నలిగినప్పుడు ఆస్పత్రి ఖర్చుకు దాన్నీ అమ్మేసినా. ఆయన తెచ్చింది ఒంటి మీద ఇంకేమీ లేదు. బొట్టు చెరిపితేనే పింఛనని మీ రూల్లో యాడుందో చూపించు. నీ ముందరే చెరిపేస్తా."

వీధి మొత్తం నటరాజన్ చేతిలోని సంచీ వైపు చూసింది. అందులో రూల్సు కాగితాలన్నీ ఉన్నాయి. బొట్టు రూలు మాత్రం లేదు. ఆయన గొంతు సవరించుకుని, గట్టు మీద కూర్చుని, పెన్ను తీశాడు.

"పోయినాయన పేరు?"

ఇంతసేపూ ఆగని నోరు టక్కున మూతపడింది. ఆ వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. కుప్పమ్మ గడ్డంతో రైటర్ వైపు చూపించింది.

"కోదండరామ, సార్," అన్నాడు రైటర్.

"గవర్నమెంటును దబాయిస్తుంది గానీ మొగుడి పేరు చెప్పడానికి సిగ్గు," అని నటరాజన్ నవ్వాడు. "నువ్వు ఆయన్ని ఎరుగుదువా?"

"చిన్నప్పటి నుంచీ, సార్."

"ఎట్లాంటి మనిషి?"

రైటర్ నేల చూశాడు. "ఎవురికీ పనికొచ్చినోడు కాదు, సార్."

"ఎట్లా పోయాడు?"

రైటర్ కుప్పమ్మ వైపు తిరిగాడు. కుప్పమ్మే అందుకుంది.

"ఇంకొకదాని ఇంట్లో పడి పోయినాడు సామీ. నేను ఏడవలేదు. రాసుకో."

నటరాజన్ రాసుకున్నాడు. సాక్షి చోట రైటర్ గొలుసుకట్టుగా ఒక గీత గీశాడు. అది ఏ పేరో దేవుడికి కూడా తెలియదు. 'పింఛను ఇవ్వదగును' అని కింద రాసి, ముద్ర వేసి, ఇన్‌స్పెక్టరు సైకిలెక్కాడు.

కుప్పమ్మ రైటర్‌ను వీధి మలుపు దాకా సాగనంపింది. మర్యాదకు కాదు, వెళ్ళిపోయాడో లేదో చూసుకోవడానికి. అక్కడ ఆయన ఆగి, చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"దండం పెట్టినా వినకపోతివే. ఒక్క పూట చెరిపేసుంటే నీకేం పోయుండు?"

కుప్పమ్మ ఆయన్ని కింది నుంచి మీది దాకా చూసింది. మిగిలిన రెండు వేళ్ళతో కొప్పులో పూలు సర్దుకుంది.

"నాతో కాపురం చేసినప్పుడే ఈ బొట్టు నీ కోసరం పెట్టుకోలేదు, నువ్వు సచ్చిపోయినావని నీ చేతనే రాయించినంత మాత్రాన చెరిపేస్తానా?"