అరచేతి మంట

మ్యాచ్‌కి ముందు బేస్‌బాల్ జట్టు మేనేజర్ హార్లన్ తన పాత గ్లవ్ ఎడమచేతికి తొడుక్కుని, కుర్ర పిచర్ టకర్ విసిరే బంతులు తానే పట్టాడు. పదిహేనేళ్లు ఫస్ట్ బేస్‌లో నిలబడి అందరి బంతులూ అందుకున్న మనిషి. విసిరేవాడి భుజం ఎలా ఉందో అరచేతి మంటే అతనికి చెప్పేది.

ఇవాళ మంట లేదు.

"మా అమ్మ ఇంతకన్నా గట్టిగా విసురుతుంది."

"అయితే ఆవిడనే దింపండి సార్!" టకర్ నవ్వాడు.

మరికొన్ని బంతులు పట్టేసరికి హార్లన్‌కి అనుమానం బలపడింది. నిరుడు, నొప్పి దాచుకున్న కుర్రాడొకడి భుజం కండరం తన కళ్లముందే తెగింది.

"నిజం చెప్పు. నొప్పి దాస్తున్నావా?"

"ఒట్టు, లేదు! పెద్ద లీగ్ వాళ్లు నన్ను చూడ్డానికే వచ్చారు. ఇవాళ కూర్చోబెడితే నా పని అయిపోయినట్టే."

"భుజం పోతే అసలే ఎవడూ చూడ్డు. పో, కూర్చో."

టకర్ గ్లవ్‌ని నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

హార్లన్ గ్లవ్ తీసేసి బెంచీ మీద కూలబడ్డాడు. పక్కనున్న కోచ్ చేతిలో కప్పు జారి, పొగలు కక్కే కాఫీ హార్లన్ ఎడమ అరచేతిలో ఒలికింది.

"అయ్యో, కాలిందా?" కోచ్ గాభరాగా తువ్వాలు అందించాడు.

అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. హార్లన్‌కి మంటే తెలియడం లేదు.

టకర్‌ని వెనక్కి పిలవాలంటే కారణం చెప్పాలి.

"ఏం కాలేదులే," అంటూ అతను ఆ చేతిని తువ్వాలులో చుట్టేశాడు.